చెవిసాక్షి

మూడో చరణం పూర్తికాగానే అచ్చియమ్మ ఈల ఆపింది. సెకనులో పదింట తొమ్మిది వంతుల ఖాళీ. లెక్కపెట్టనక్కర్లేదు, ఇరవై రెండేళ్లుగా ఆపుతున్న చోటే కాబట్టి ఊపిరే లెక్క చూసుకుంటుంది. తర్వాత నాలుగో చరణం అందుకుని, పైస్థాయికి తీసుకెళ్లి, చివర్లో వెదురు గొట్టం మూతిని నాలుకతో మూసి వదిలింది. చిన్న టిక్కుతో పాట ముగిసింది.

తీగవల అవతల పన్నెండు పసుపుబుగ్గలు ఎవరి కొమ్మ మీద అవి కూర్చుని విన్నాయి. పిడికిట్లో పట్టుకుంటే తోక మాత్రమే బయటికి కనిపించేంత పిట్ట అది. ఒళ్లంతా తడిమట్టి రంగు, చెంపలు మాత్రం అప్పుడే పేరంటం నుంచి వచ్చినట్టు పచ్చగా ఉంటాయి. తోలేవా దీవి నడినెత్తినున్న కొండ అడవిలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా పుట్టని పిట్ట. ఇప్పుడు ఆ అడవిలోనూ లేదు. ఉన్నవన్నీ పిట్టలకు పాట నేర్పి పెంచే ఈ కేంద్రంలోని రెండు గురుగూళ్లలోనే ఉన్నాయి.

పిట్టలు ఒకదాని తర్వాత ఒకటి పాఠం అప్పజెప్పాయి.

"తొమ్మిదో పక్షి, పోలిక తొంభై తొమ్మిది. మూడో పక్షి, తొంభై ఏడు. పదకొండో పక్షి, తొంభై ఏడు," అంటూ గోడలోంచి స్వరపాలిక చదువుకుంటూ పోయింది. "ఒకటో గురుగూడు నిత్యపాఠం సమాప్తం. అచ్చియమ్మ గారూ, పదకొండు గంటలకు నామనిర్ణయం ఉంది. మీరు చెవిసాక్షిగా హాజరు కావాలి."

"తెలుసు," అంది అచ్చియమ్మ. తెలియకేం, ఆ నామనిర్ణయం పెట్టించిందే తను.

స్వరపాలిక అనే ఆ యంత్రానికి కళ్లు లేవు, చెవులే. మొదట్లో కెమెరాలు పెట్టారు గాని, ఆ గాజు మెరుపుకు పిట్టలు బెదిరి తమ ఈకలు తామే పీక్కుంటుంటే తీయించేశారు. పన్నెండు వందల చెవులతో అది ఆకు రాలినా వింటుంది. చూసి చెప్పాల్సినవి మాత్రం మనుషులే చూసి చెప్పాలి. ఆ మనుషులు ఇద్దరే. ఒకటో గూటికి అచ్చియమ్మ, రెండో గూటికి ఆమె తోడికోడలు పుణ్యవతి. ఎప్పుడో చెరుకు నరకడానికి ఓడలెక్కి వచ్చిన విశాఖ తీరం కూలీల వంశం వాళ్లది. దీవిలో చెరుకు పోయింది, చేపలు పోయాయి, సగం నేలను సముద్రం మింగింది. వాళ్ల నోట్లో తెలుగు మాత్రం ఉండిపోయింది.

దీవి సభ చేసిన చట్టం చిన్నది, కఠినమైనది. మూలస్వరం పలికే పిట్టే పసుపుబుగ్గ. ఎందుకంటే ఆ రోజుల్లో ఈకలనూ నెత్తురునూ కూడా కార్ఖానాల్లో పోతపోసి అచ్చుపిట్టలను తయారుచేసేవాళ్లు. అడవి పిట్ట ఏదో, అచ్చుబొమ్మ ఏదో పోల్చుకోవడానికి మిగిలిన గుర్తు పాట ఒక్కటే. పోతపోసిన గొంతుకు ఆ పాట పట్టుబడదు. పెంచినవాళ్లు ఎదురుగా కూర్చుని, పలుకు పలుకుకూ బదులిస్తూ నేర్పితే తప్ప రాదు. పోలిక తొంభై దాటితే పిట్టకు నామం దక్కుతుంది, జత కట్టే హక్కు దక్కుతుంది. పాటలో పరాయి స్వరం తేలితే నామం పోతుంది. నామం పోయిన పిట్టను నిశ్శబ్దశాలలో ఒంటిగదికి పంపుతారు. అక్కడ తిండికి లోటుండదు. దాని గొంతు ఇంకో పిట్ట చెవిన పడకుండా గోడలు మాత్రం మందంగా ఉంటాయి.

స్వరపాలిక పోలిక లెక్కలో పాటను తూస్తుంది గాని, మధ్య ఖాళీని తూయదు. పది రోజుల కిందట అచ్చియమ్మ దానితో ఒకే ఒక్క మాట అంది. "రెండో గూటిలో పాటకు అవతల ఇంకో స్వరం వినిపిస్తంది. ఓసారి సూసుకో."

అది అన్న తర్వాత రెండు పూటలు అన్నం సయించలేదు. మూడో పూటకు సయించింది.

కుళ్లు. ఆ మాటను అచ్చియమ్మ పైకి అనదు గాని, లోపల దాచుకోదు కూడా. పుణ్యవతి ఈ ఇంటికి కోడలిగా వచ్చి పద్నాలుగేళ్లు. అప్పటిదాకా అత్త బంగారమ్మ సాయంత్రాలు వసారాలో కూర్చుని కథలు చెబుతుంటే పెద్దకోడలే ఊకొట్టేది. కథ చెప్పేవాళ్లకు ఊకొట్టేవాళ్లుండాలి, లేకపోతే కథ అడుగు కదలదు. ఆ సంగతి అచ్చియమ్మకూ తెలుసు. కాని ఆమె ఊ ఎప్పుడూ ఒక మాట ముందో, ఒక మాట వెనకో పడేది. చిన్నకోడలు కాపురానికొచ్చిన మూడో సాయంత్రం అత్త కథ మధ్యలో ఆపి, "నువ్వూరుకోవే పెద్దదానా, నీ ఊ ఇంటే నాకు రాజుగోరి పేరే మరుపొస్తంది. చిన్నదాన్ని కొట్టనీ," అంది. చిన్నది కొట్టింది. ఊ అన్నప్పుడల్లా కథ బండికి ఇరుసున ఆముదం పోసినట్టు సాగిపోయింది. అందరూ నవ్వారు, చిన్నదీ నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని ఊరికే అనలేదు పెద్దలు. అత్త పోయి ఏడేళ్లయినా ఆ నవ్వు అచ్చియమ్మకు నిన్న విన్నట్టే ఉంది.

పోనీ, ఇల్లు దానిదే అనుకుంది. ఈల నాది. ఈ దీవిలో మూలస్వరాన్ని మనిషి నోటితో పలికేది నేనొక్కదాన్నే అనుకుంది. రెండేళ్ల కిందట శీతకోశంలో గడ్డకట్టించి దాచినవాటిలో మిగిలిన చివరి పద్నాలుగు గుడ్లను పొదిగించినప్పుడు, ఒక్క గురువు మీదే ఆధారపడటం క్షేమం కాదని స్వరపాలిక ఏడు పిల్లలను పుణ్యవతికి అప్పగించింది. అప్పటిదాకా పురుగులు తెచ్చి పోసే పని చేసే మనిషికి. వెదురు గొట్టం పట్టుకోవడం కూడా అచ్చియమ్మే నేర్పాల్సి వచ్చింది. వద్దనలేక నేర్పింది.

*

ఎనిమిదిన్నరకు చూపుతిరుగుడు, అంటే గూళ్లను కళ్లతో చూసి రావడం. ఆవేళ వంతు అచ్చియమ్మది. పుణ్యవతి దిగువనున్న పురుగులశాలకు వెళ్లింది. రెండో గురుగూటి జంట తలుపులు ఒకదాని తర్వాత ఒకటి తీసుకుని, చెప్పులు బయటే విడిచి, అచ్చియమ్మ లోపలికి అడుగుపెట్టింది.

తన గూడు తరగతి గదిలా ఉంటుంది. ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు కళ్లప్పగించి ఉంటారు. పాట అయిపోతే ఎవరి ముక్కు వాళ్లు కొమ్మకు రాసుకుంటారు. ఇక్కడ అలా లేదు. ఫెర్ను ఆకుల నీడలో ఒక మగపిట్ట మూడో చరణం ముగించి ఆపింది. పదింట తొమ్మిది వంతులు. అచ్చియమ్మ ఊపిరి అలవాటుగా లెక్క చూసుకుంది. ఆ ఖాళీలోకి అవతలి కొమ్మ మీది ఆడపిట్ట తల కొంచెం వంచి, గొంతు అడుగునుంచి పలికింది.

"ఊ."

మగపిట్ట నాలుగో చరణం అందుకుని ఒక కొమ్మ దగ్గరికి జరిగింది. మళ్లీ ఆపింది. మళ్లీ ఊ. ఇంకో కొమ్మ.

ఇరవై రెండేళ్ల కిందట, పెనుగాలి అడవినంతా ఊడ్చేసిన తర్వాత, కొండ మీద బతికిన ఒకే ఒక మగపిట్ట పాటను పదకొండు రోజులు విన్న చెవులు అచ్చియమ్మవి. అప్పుడు విన్నవాళ్లు నలుగురు. ముగ్గురు పోయారు. ఆ పిట్ట ప్రతి మూడో చరణం తర్వాతా ఆగేది. తల ఒక పక్కకు వంచి ఆగేది. పాటలో అదొక భాగమనుకుని అచ్చియమ్మ ఆ ఖాళీని ఒక రవ్వ కూడా చెడకుండా పట్టుకొచ్చి, పిల్లల తర్వాత పిల్లలకు, వందల సార్లు నేర్పింది. ఆ మగపిట్ట బదులు కోసం ఆగేదని, బదులిచ్చేవాళ్లు లేక ముందుకు వెళ్లేదని ఆమెకు ఈ క్షణందాకా తట్టలేదు.

తట్టగానే మనసు కరగాలి కదా. కరగలేదు, ఇంకా మండింది. ఖాళీని కంటికి రెప్పలా కాపాడింది తను. వచ్చి అందులో కూర్చున్నది పుణ్యవతి.

అప్పుడు చూసింది పిట్టలు కట్టుకున్న గూడును. ఫెర్ను మొదట్లో, నాచుతో అల్లిన దోసెడంత గిన్నె. అందులో ఒకే గుడ్డు. లేత నీలం, మీద గోధుమ రంగు చుక్కలు.

కేంద్రం పెట్టిన ఇరవై రెండేళ్లలో ఏ పిట్టా గుడ్డు పెట్టలేదు. పుట్టిన పిట్టలన్నీ శీతకోశం గుడ్లలోంచి పుట్టినవే, ఆ నిల్వ అయిపోయింది. తన పన్నెండు పిట్టలు తొంభై ఏడూ తొంభై తొమ్మిదీ తెచ్చుకుని, ఎవరి కొమ్మ మీద అవి ముసలివవుతున్నాయి. ఇక పసుపుబుగ్గ అనేది ఈ భూమ్మీద మిగిలితే ఈ గుడ్డులోంచే మిగలాలి.

గిన్నె అంచున నల్లటి చుక్క ఒకటి కనిపించింది. వంగి చూసింది. మసి. వేలితో పెట్టిన దిష్టిచుక్క.

ఈ గురుగూటిలోకి అడుగుపెట్టే మనుషులు ఇద్దరు. పెట్టిన మనిషి ఒకరైతే, ఎవరి కళ్లు పడకుండా పెట్టినట్టు?

*

పుణ్యవతి పురుగుల పళ్లెంతో జంట తలుపుల మధ్యకు వచ్చేసరికి అచ్చియమ్మ అక్కడే పీట మీద కూర్చుని ఉంది. రెండు తలుపులూ మూసి ఉంటే స్వరపాలిక చెవులకు అందని చోటు ఆ గది ఒక్కటే. పుణ్యవతి ముఖం చూడగానే అచ్చియమ్మకు అర్థమైంది, తను లోపల ఏం చూసి వచ్చిందో చిన్నదానికి తెలిసిపోయిందని.

"ఎన్ని రోజులయిందే?" అంది అచ్చియమ్మ.

"నాలుగు రోజులప్పా," అంది పుణ్యవతి. ఆ దీవిలో అక్కను అప్ప అనే అంటారు. "పదకొండో తేదీన పెట్టింది."

"నాతోటి సెప్పలేదు."

పుణ్యవతి పళ్లెం కింద పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకోవడానికి అక్కడ తడేమీ లేదు.

"సుక్క ఎవరికోసం ఎట్టినావు? సొరపాలికకి కళ్లు లేవు గదా."

"అప్పా..."

"సెప్పు. నా కళ్లు మంచివి కావనే గదా."

"బయ్యమేసిందప్పా," అంది పుణ్యవతి నేల చూస్తూ. "నువ్వు ఈ గూటికేసి సూసినప్పుడల్లా నా పిల్లలకి ఏమవుతాదో అనిపిస్తాది. నా పిట్టల్ని నువ్వెప్పుడైనా ఒక్కసారి బాగున్నాయి అన్నావా? ఒక్క మాట. అందుకే ఎట్టినాను. తప్పయితే కొట్టు."

కొట్టడానికి చేయి రాలేదు. దిష్టి తగులుతుందన్న దాని భయం అబద్ధమా? పది రోజుల కిందట తను ఆడిన మాట దిష్టి కాక మరేమిటి. ఆ సంగతి ఈ పిల్లకు తెలియదు. స్వరపాలికే పసిగట్టిందనుకుంటోంది.

"ఆ ఊ ఎక్కడిదే?" అంది అచ్చియమ్మ. "నిజం సెప్పు. ఇక్కడ ఇనేవోళ్లు లేరు."

పుణ్యవతి పళ్లెంలోని పురుగులనే చూస్తూ చెప్పింది.

"నాదే. పిల్లలప్పుడు ఇరవై నిమిసాలకోసారి మేత ఎట్టాల గదా. ఒక్కదాన్నే ఉంటే పొద్దుపోదు. అత్త సెప్పిన కతలు మెల్లగా సెప్పుకునేదాన్ని. సొరపాలికకి అందకుండా పంకా మోతలో గుసగుసగా. ఊకొట్టేవోళ్లు లేకపోతే నాకు కత రాదప్పా. నాకు నేనే కొట్టుకునేదాన్ని. కత ఆళ్లకి అక్కర్లేకపోయింది. ఊ మాత్రం పట్టుకున్నాయి. తెలిసేసరికి గొంతులు గట్టిపడిపోయినాయి."

గురుగూటిలో మనిషి మాట నిషిద్ధమని తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ తలుపుకు ఆనుకునే పుణ్యవతి నిలబడి ఉంది.

"ఇయ్యాల నామం పోతే ఆ జంటని ఇడదీసి ఒంటిగదుల్లో పడేస్తారు," అంది పుణ్యవతి. "పొదిగే తల్లి లేకపోతే గుడ్డు పగలదు. యంతరాల్లో పెట్టనివ్వరు, నామం లేని గుడ్డు గదా. అప్పా, గురువు మాట తన సిస్యుల మీద సెల్లదంట. సెవిసాచ్చి మాటే సెల్లుతాదంట. నువ్వు ఇన్నాను అంటే..."

"అబద్దం ఆడమంటావా?"

"ఆడమని నేనెలా అంటాను. నువ్వు ఒక్క సొరం తప్పు పలికి ఎరగవు. నాకు తెలుసు."

పొగిడితే ఒళ్లు మండుతుందని ఈ పిల్లకు ఎవరు చెబుతారు. అచ్చియమ్మ పీట మీంచి లేచి చెప్పులేసుకుంది.

*

నామనిర్ణయం జరిగే గదిలో రెండు కుర్చీలు, ఒక కిటికీ. కిటికీలోంచి పెనుగాలి తర్వాత కొత్తగా నాటిన కొండ అడవి కనిపిస్తుంది. పిట్టలు లేని అడవి. పుణ్యవతి గోడ వైపు కుర్చీలో కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"విషయం," అంది స్వరపాలిక. "రెండో గురుగూటి ఏడు పక్షుల్లోనూ మూడో చరణం తర్వాతి విరామంలో ఒక మంద్రస్వరం వినబడుతోంది. మూలస్వర నిధిలో అది లేదు. నిధిలో ఉన్నది ఒంటరి మగపక్షి పాట, నాలుగు నిమిషాల పది సెకన్లు. జంటపక్షుల ధ్వని నిధిలో లేదు కాబట్టి ఈ మంద్రస్వరం అడవిదా, పరాయిదా అనేది నేను తేల్చలేను. చట్టప్రకారం చెవిసాక్షి వాంగ్మూలమే ఆధారం. ముందుగా రెండు గూళ్ల ధ్వని వినిపిస్తాను."

మొదట తొమ్మిదో పక్షి వచ్చింది. అచ్చియమ్మ పెంచిన వాటన్నిటిలోకి మేలైన గొంతు. మూడు చరణాలు, ఖాళీ, నాలుగో చరణం, టిక్కు. మళ్లీ మొదటినుంచి. ఒక్క వెంట్రుకవాసి తప్పు లేదు. పాట తర్వాత గూటిలోని మిగతా పదకొండు పిట్టల అలికిడి వినిపించాలి. ఈకల చప్పుడు కూడా లేదు. ఆ నిశ్శబ్దాన్నే ఇన్నేళ్లూ క్రమశిక్షణ అనుకుని మురిసిపోయింది.

తర్వాత రెండో గూడు. పాట, ఊ, పాట, ఊ, రెక్కల చప్పుడు.

"పోలిక దృష్ట్యా ఒకటో గూడు ఉత్తమం," అంది స్వరపాలిక. "రెండో గూటికి నామం తొలగిస్తే మిగిలేది ఒక్క గురువు పదవే. అచ్చియమ్మ గారూ, మీరు కొండ మీద పదకొండు రోజులు విన్నారు. ఈ మంద్రస్వరాన్ని అడవిలో విన్నారా? అవును, కాదు, ఈ రెంటిలో ఒకటి చెప్పాలి. తెలియదు అంటే కాదు కిందే లెక్క."

ఎంత సుళువు. కాదు అంటే చాలు. కాదు అన్నదే నిజం కూడా. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె కుళ్లూ, ఆమె నిజాయతీ ఒకే పీట మీద పక్కపక్కన కూర్చున్నాయి. ఎవరూ వేలెత్తి చూపలేరు. రేపటినుంచి మళ్లీ ఒకే గురువు, ఒకే ఈల. పుణ్యవతి మళ్లీ పురుగులు మోసుకుంటుంది. అచ్చియమ్మ నోరు తెరిచింది. కాదు అనే మాట నాలుక చివరికి వచ్చి తియ్యగా కూర్చుంది కూడా.

కాని తను కాదంటే మిగిలేదేమిటి? తొమ్మిదో పక్షి. దాని తొంభై తొమ్మిది. దాని తర్వాత పాఠం వినడానికి పిల్ల పుట్టదు, ఈల ఊదడానికి ఎవరూ ఉండరు. తన ఈలనే చివరి ఈల చేసుకుని, అదే గొప్పగా మెళ్లో వేసుకుని తిరగాలి. ఆ కొండ మీది పిట్ట తల పక్కకు వంచి ఆగడం కళ్లముందు కదిలింది. అది పదకొండు రోజులు ఆగింది. తను పక్కనే కూర్చుని కూడా దానికి బదులివ్వాలనుకోలేదు.

"అవును," అంది అచ్చియమ్మ. "ఇన్నాను."

పుణ్యవతి వేళ్లు కొంగులోనే ఆగిపోయాయి.

"అడవిలో అప్పుడు ఒకే పక్షి ఉందని నమోదైంది," అంది స్వరపాలిక.

"ఇంకోటి ఉండేది. ఆడపిట్ట. లోయ అవతల కొమ్మ మీద. మీ యంతరానికి అందనంత సన్నంగా పలికేది. తొమ్మిదో రోజుదాకా ఇన్నాను. తర్వాత లేదు."

"ఆనాటి మీ వాంగ్మూలంలో ఈ మాట లేదు."

"సెప్పలేదు."

"మీరు పెంచిన నలభై ఆరు పక్షుల్లో ఒక్కదానికీ ఈ స్వరం లేదు. విన్న స్వరాన్ని మీరెందుకు నేర్పలేదు?"

అచ్చియమ్మ ఈ ప్రశ్నను ఊహించలేదు. అవును అనడమే కష్టమనుకుంది గాని, దాని వెనక ఇది నిలబడి ఉందని అనుకోలేదు. కిటికీ వైపు చూద్దామనుకుంది, చూడలేకపోయింది. పక్క కుర్చీలో పుణ్యవతి ఉంది. ఆ మాట దాని ముందే అనాలి. ప్రపంచంలో ఇంకెవరి ముందైనా అనొచ్చు గాని దాని ముందు అనాల్సి రావడం ఎంత పాపమో అచ్చియమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

"నాకు రాలేదు," అంది. "ఎంత పలికినా ఆ ఊ నా గొంతుకి పట్టుబడలేదు. ముందో ఎనకో పడిపోయేది. రాదని ఒప్పుకోడానికి సిగ్గేసింది. నాకు రానిదాన్ని అసలు లేదన్నాను. ఇరవై రెండేళ్లు అలాగే నడిపించినాను."

ఇద్దరు ఆడవాళ్లూ గోడ వైపు చూస్తూ కూర్చున్నారు.

"వాంగ్మూలం స్వీకరించబడింది," అంది స్వరపాలిక. "మూలస్వరాన్ని సవరిస్తున్నాను. రెండో గురుగూటి ఏడు పక్షులకు నామం ఖాయం. జంటను కదిలించరాదు. ఒకటో గురుగూటి పోలిక మళ్లీ లెక్కిస్తున్నాను. తొమ్మిదో పక్షి, అరవై ఎనిమిది. మూడో పక్షి, అరవై ఆరు. పదకొండో పక్షి, అరవై ఆరు."

పన్నెండింటినీ చదివింది. తర్వాత చనిపోయిన ముప్పై నాలుగింటినీ కూడా ఒక్కొక్క పేరున తీసి, పాత అంకె కొట్టేసి కొత్త అంకె చదివింది. చచ్చిన పిట్టలకు అంకెలెందుకని అచ్చియమ్మ అడగలేదు. ఒక్కొక్క అంకెకూ తల ఊపుతూ విన్నది.

"ఒక ఇబ్బంది ఉంది," అంది స్వరపాలిక. ఆ గొంతులో ఆమె ఎన్నడూ వినని తడబాటు. "సవరించిన మూలస్వరానికి నా దగ్గర ధ్వని లేదు. ఇప్పుడు చదివిన అంకెలు తాత్కాలికం. అడవిలోని మంద్రస్వరం ఎంత పొడవో, ఎంత లోతో నాకు తెలియదు. ఏది ఒప్పో, ఏది తప్పో ఇకమీదట నేనొక్కదాన్నే తేల్చలేను. ప్రతి ఉదయం మిమ్మల్నే అడగవలసి ఉంటుంది."

"అడుగు," అంది అచ్చియమ్మ.

"ఒకటో గురుగూటి పన్నెండు పక్షులకూ నెల రోజుల గడువు ఇస్తున్నాను. పెద్దపక్షులు కొత్త స్వరం పట్టుకోవడం కష్టం, అసాధ్యం కాదు. వాటికి ఈ స్వరం ఎవరు నేర్పాలి?"

అచ్చియమ్మ మెళ్లోంచి వెదురు గొట్టం తాడు తీసింది. ఇరవై రెండేళ్ల చెమటకు తాడు నల్లబడి, మెడ మీద దాని మేర ఒక తెల్లటి గీత పడింది. గొట్టాన్ని పుణ్యవతి ఒళ్లో పెట్టింది, విసిరినట్టే పెట్టింది.

"మా సిన్నది నేర్పుతాది," అంది. "నాకు రాదు. రాదనే రాసుకో."

"అప్పా," అంది పుణ్యవతి. కళ్లనీళ్లు గొట్టం మీద పడుతున్నాయి. "నీకు తెలుసు గదా అది..."

"నోరు మూసుకో," అంది అచ్చియమ్మ. స్వరపాలిక వింటోంది. "తొమ్మిదోది మొండిది. మేత ఎట్టే ముందు నేర్పితే ఇనదు, ఎట్టినాక నేర్పు. పదకొండోదానికి ఎడమ సెవి మందం, కుడిపక్కన కూకో. అన్నీ నేనే సెప్పాల."

పుణ్యవతి తల ఊపుతూ ఇంకా ఏడ్చింది. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రమే కదులుతూ, చూసేవాళ్లకు జాలి పుట్టేటంత అందంగా. అచ్చియమ్మకు కూడా ఏడుపొస్తోంది గాని, తను ఏడిస్తే ముక్కు చీదుకోవాలి, మొహం వాచిపోతుంది. ఏడవడం కూడా తనకంటే దీనికే బాగా వచ్చుననుకుని, కడుపు భగ్గుమంటుండగా లేచి, ఒకటో గురుగూటి గడియ తీయడానికి తోడికోడలి కంటే ముందు నడిచింది.